పేస్‌మేకర్ వుండగా గుండెదడ ఎందుకు?



మన తెలుగులో గుండెకు వున్నన్ని మాటలు మరే అవయవానికీ లేవేమో అనిపిస్తుంది నాకు. గుండె ఝల్లుమంటుంది, గుభేల్‌మంటుంది, గుబగుబలాడుతుంది, కలుక్కుమంటుంది, జారిపోతుంది. పిల్లవాడు బడినుంచి అరగంట ఆలస్యంగా వస్తే గుండెల్లో రైళ్ళు పరిగెడతాయి. ఇన్ని మాటలు నోట్లో వుంచుకుని కూడా, గుండె డాక్టరుగారు ఎదురుగా కూర్చోబెట్టి "ఏమనిపిస్తోందమ్మా?" అని అడిగితే, "ఏదోలా వుందండీ" అన్నాను నేను. ఆయన నవ్వారు. "ఏదోలా అంటే నాకేం తెలుస్తుందమ్మా? ఇదిగో, ఈ బల్లమీద వేళ్ళతో కొట్టి చూపించండి" అన్నారు.

ఈవేళ మీతో ముచ్చటించదలచుకున్నది ఆ "ఏదోలా" గురించే. మీకుగాని, మీ ఇంట్లో అత్తగారికో, అమ్మకో, మామగారికోగాని ఛాతీలో పేస్‌మేకర్ పెట్టివుంటే, కాస్త స్టవ్ తగ్గించి ఇటు రండి.

ముందు నా సంగతి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఒకరోజు పప్పులో పోపు వేస్తూ వేస్తూ వంటగదిలో పడిపోయాను. ఆవాలు చిటపటమనడం విన్నాను, తరువాత చూస్తే నేలమీద వున్నాను. మధ్యలో ఏమైందో తెలియదు. నీరసమన్నారు, ఉపవాసాల పుణ్యమన్నారు. మా ఆడపడుచు ఎండుమిరపకాయలతో దిష్టి కూడా తీసింది. రెండోసారి పడినప్పుడు మావారు ఇంక ఎవరిమాటా వినకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నాడి చూస్తే నిమిషానికి 38. ఒక రోజంతా ఛాతీకి తీగలు తగిలించి గుండె నడకను రాసుకునే హోల్టర్ అనే పరీక్ష చేశారు. ఆ రాత్రి నా గుండె ఒకచోట నాలుగు సెకన్లపాటు కొట్టుకోవడమే మరిచిపోయిందట! వారంలోపల ఎడమవైపు మెడఎముక కింద, చర్మం అడుగున, పేస్‌మేకర్ అమర్చారు. చిన్న బిస్కట్టంత వుంటుంది. పాతిక ముప్ఫై గ్రాముల బరువు. దానిలోంచి సన్నటి తీగలు రక్తనాళంగుండా గుండెలోకి వెడతాయి.

అసలు గుండెలో జరిగేదేమిటంటే, దాన్ని నాలుగు గదుల మేడ అనుకోండి. మేడమీద రెండు గదులు, కింద రెండు. మేడమీద కుడిపక్క గది గోడలో ఒక చిన్న కణాల ముద్ద వుంది. కచేరీలో తాళం వేసే మనిషిలాంటిది. అది నిమిషానికి 60 నుంచి 100 వరకు తాళం వేస్తూ వుంటే, ఆ సంకేతం కిందికి దిగి నాలుగు గదులూ వరుసలో ముడుచుకుంటాయి. నిమిషానికి 72 అని లెక్కకట్టినా రోజుకు లక్ష పైచిలుకు. నాకు వచ్చిన జబ్బులో ఈ తాళం వేసే మనిషి కునికిపాట్లు పడతాడు. అందుకే నాడి మందగించడం, కళ్ళు తిరిగి పడిపోవడం. వేరే కొందరికి పైన తాళం బాగానే వుంటుంది, మెట్లమీద దారి మూసుకుపోయి కింద గదులకు వినబడదు. వాళ్ళకీ పేస్‌మేకరే మందు.

ఇంతవరకు మా ఇంట్లో అందరికీ అర్థమైంది. దీని తరువాతిది మాత్రం ఎవరికీ అర్థం కాలేదు, నాతో సహా. పేస్‌మేకర్ మన ఇంట్లో ఇన్వర్టర్‌లాంటిది. కరెంటు వున్నంతసేపూ ఊరకే కనిపెట్టుకుని కూర్చుంటుంది, పోయిన క్షణంలో అందుకుంటుంది. నాది 60కి పెట్టారు. అంటే నా గుండె తనంతట తాను 70 కొట్టుకుంటుంటే అది కలగజేసుకోదు, 60కి దిగబోతే తాను తోడు వేస్తుంది. అంతేగాని వోల్టేజి ఎక్కువైతే ఇన్వర్టరేం చేస్తుంది చెప్పండి? దానికి స్టెబిలైజరు వేరే వుండాలి. గుండె 140 కొట్టుకుంటుంటే, మామూలు పేస్‌మేకర్ దాన్ని కిందికి దించలేదు. ఈ ఒక్క ముక్క ఎవరైనా ఆసుపత్రినుంచి పంపేటప్పుడు విడమరిచి చెప్పివుంటే బాగుండేది. చెప్పేవుంటారు, మనకే ఇంటికెళ్ళే తొందర.

పేస్‌మేకర్ పెట్టిన రెండో ఏడు, మాఘమాసంలో, ఒక రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. ఛాతీలో గువ్వపిట్ట ఇరుక్కుని రెక్కలు కొట్టుకుంటున్నట్టుంది. ఒక వరుస లేదు, వాయి లేదు. లేచి మంచినీళ్ళు తాగి, దేవుణ్ణి తలుచుకుని కూర్చున్నాను. అరగంటకో ఎప్పటికో తగ్గింది. పొద్దున్నే మావారితో అంటే, "మెషీను పెట్టించాంగా, ఇంక భయమెందుకు? పడుకునేముందు ఏదో ఆలోచించివుంటావు" అన్నారు. నాకూ అదే నిజమనిపించింది. అనిపించిందీ అంటే, అనిపించుకున్నాను. అప్పుడు మా అబ్బాయికి కొత్త ఉద్యోగం, కోడలికి ఏడోనెల. ఇంట్లో అంత హడావుడిలో నా గుండె ఒకటా? వారానికోసారి వచ్చేది కాస్తా రెండురోజులకోసారి వచ్చింది. మూడునెలలపాటు కడుపులోనే దాచుకున్నాను.

ఒకనాటి సాయంత్రం కాఫీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. వేడి కాఫీ కాలిమీద ఒలికినా "అబ్బా" అనడానికి నోరు తిరగలేదు. మా కోడలు పరుగెత్తుకొచ్చి, "ఏమిటత్తయ్యా, మూతి అలా వుందేం?" అంది. పది నిమిషాల్లో అంతా మామూలైపోయింది. మాట వచ్చింది, చెయ్యి వచ్చింది. "ఏం లేదమ్మాయీ, తిమ్మిరెక్కింది, వదిలెయ్" అన్నాను. ఆ పిల్ల నిండు నెలలతో వుండి కూడా నన్ను వదల్లేదు. "మీరు కారెక్కకపోతే నేను ఇక్కడే కూర్చుంటాను" అని గుమ్మంలో కూర్చుంది. ఆ పట్టుదలే ఇప్పుడు నన్ను మీతో మాట్లాడిస్తోంది.

ఆసుపత్రిలో చేసింది చూసి ఆశ్చర్యపోయాను. ఛాతీమీద కంప్యూటరు మౌసులాంటిదొకటి ఆనించారు. లోపలున్న పేస్‌మేకర్ తనకు తెలిసినదంతా తెరమీద అప్పజెప్పేసింది! బాటరీ ఎంత మిగిలింది, తీగలు సరిగా వున్నాయా అన్నవే కాదు, ఏ తారీఖున ఎన్నిగంటలకు గుండె తప్పుదారి పట్టింది, ఎంతసేపు అలా వుంది, అన్నీ. నేను మావారికి చెప్పని రాత్రులన్నీ అందులో వున్నాయి. అరగంట అనుకున్నది ఒక్కొక్కసారి ఆరుగంటలు. నేను నిద్రపోయిన రాత్రుల్లో కూడా వచ్చిందట. డాక్టరుగారు తెర చూసి, "మూడునెలలు ఆగారా అమ్మా?" అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అప్పుడే బల్లమీద కొట్టి చూపించమన్నది. చిన్నప్పుడు మూడునాలుగేళ్ళు సంగీతం నేర్చుకున్నాను కాబట్టి తాళమంటే కొంత తెలుసు. కొట్టబోతే తెలిసింది, అది ఏ తాళానికీ లొంగేది కాదని. ఒకటి దగ్గర, ఒకటి దూరం, రెండు ఒక్కసారే. "అదీ సంగతి" అన్నారాయన. తాళం వేసే మనిషి కునికిపాట్లు పడుతుంటే మేడమీద గదుల్లో పదిమంది చేరి తలా ఒక తాళం వేస్తారట. దానిపేరు ఏట్రియల్ ఫిబ్రిలేషన్. నాకున్న జబ్బులో ఒకప్పుడు మందంగా, ఒకప్పుడు ఇలా పిచ్చివేగంగా, రెండూ కలిసే వస్తుంటాయట. పేస్‌మేకర్ మొదటిదానికి కాపలా. రెండోదానికి మందులు వాడాలి.

ఇందులో అసలు ప్రమాదం దడ కాదు. పై గదులు సరిగా ముడుచుకోకుండా అదురుతూ వుంటే అక్కడ రక్తం నిలవవుతుంది. నిలవైన చోట గడ్డకడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడుకు వెళ్ళిందంటే పక్షవాతం. నా కాఫీ గ్లాసు పడింది అందుకే. గడ్డ చిన్నది కాబట్టి తనంతట తాను కరిగిపోయింది. తగ్గిపోయిందిగదా అని ఊరుకోవలసినది కాదిది. మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒకపక్క చెయ్యిగాని కాలుగాని పట్టుతప్పినా, పది నిమిషాల్లో సర్దుకున్నా సరే, ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళాలి. 108కి ఫోను చేయండి. కారు ఎవరు తెస్తారా, అబ్బాయి ఆఫీసునుంచి ఎప్పుడొస్తాడా అని చూడకండి.

నాకు రక్తం గడ్డకట్టకుండా ఒక మందు, వేగం తగ్గించడానికి ఒక మందు ఇచ్చారు. వేగం తగ్గించే మందు ఇస్తే నా గుండె మళ్ళీ 38కి పడిపోదా అని అడిగాను. "ఇదివరకైతే నేనూ భయపడేవాణ్ణి. ఇప్పుడు 60 దగ్గర కాపలా వుందిగా" అన్నారు. చూశారా, పేస్‌మేకర్ దడను ఆపలేకపోయినా, ఆపే మందు ధైర్యంగా వాడుకునే వీలు కల్పిస్తుంది. రక్తం మందు మాత్రం ఒక్కపూట కూడా మానకూడదు. పన్ను పీకించుకోవాలన్నా ముందు ఆ డాక్టరుకు చెప్పాలి.

ఇదంతా విని, దడ వచ్చిన ప్రతివాళ్ళకీ ఇదేనని బెంబేలు పడకండి. చాలామందికి వచ్చేది ఇంతకన్నా చిన్నది. అందుకే ఆ "ఏదోలా"ను విడదీసి చెప్పడం నేర్చుకోవాలి. "గుభేల్‌మని ఒక్క దెబ్బ, తరువాత ఒక్క క్షణం ఖాళీ, మళ్ళీ మామూలు" అయితే, తరచుగా అది ముందుగా పడిన ఒక అదనపు దెబ్బ. దాదాపు అందరి గుండెల్లోనూ పడుతుంటాయి, ఎక్కువ పడితే తప్ప పట్టించుకోరు. "దడదడమని వేగంగా, కాని వరుసగా" అయితే జ్వరం కావచ్చు, భయం కావచ్చు, థైరాయిడ్ ఎక్కువై వుండవచ్చు, గుండెలోనే వేరే వేగం కావచ్చు. రక్తం తక్కువైన ఆడవాళ్ళకు మెట్లెక్కితే ఇలాగే వుంటుంది, పేస్‌మేకర్ వున్నా లేకపోయినా. నెలసరి ఆగిపోయే వయసులో ఒళ్ళంతా ఆవిరొచ్చినట్టయి దడ రావడం మీకు తెలిసిందే. జలుబుకని మందుల షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని మాత్రలు, ఉబ్బసానికి పీల్చే మందు, రోజుకు నాలుగో అయిదో కప్పుల కాఫీ కూడా దడ పుట్టిస్తాయి. కాఫీ విషయంలో నేను ఎవరికీ నీతులు చెప్పను. నాకు పొద్దున్న ఒకటి పడాల్సిందే.

"మెడలో కొట్టుకుంటోంది, కళ్ళు తిరుగుతున్నాయి, ఆయాసంగా వుంది" అనే మాట వేరు. ఒకటే తీగ వున్న పేస్‌మేకర్ కొందరిలో కింద గదుల్నే నడిపిస్తుంది. పై గదులు అదే సమయానికి ముడుచుకుంటే తలుపు మూసివుండి, రక్తం వెనక్కి మెడవైపు తంతుంది. ఇది పేస్‌మేకర్ నడిపే తీరువల్ల వచ్చే ఇబ్బంది. దీన్ని మార్చే ఉపాయాలు డాక్టర్లకున్నాయి గనుక, మెడ సంగతి తప్పక చెప్పండి. ఇంకో తమాషా వుంది. కొన్ని పేస్‌మేకర్లు ఒళ్ళు కదలడాన్ని కనిపెట్టి, "ఈవిడ నడుస్తోంది కాబోలు" అని వేగం పెంచుతాయి. మన గతుకుల రోడ్డుమీద ఆటోలో కూర్చుని వెళ్తుంటే కూడా నడుస్తున్నామనే అనుకుంటాయి పాపం! ఆటో దిగగానే తగ్గే దడ అయితే ఆ మాట చెప్పండి. కోతలేమీ లేకుండా, పైనుంచే సరిచేస్తారు.

మా పక్కవాటా ఆవిడకు జరిగింది మరీ విడ్డూరం. ఆవిడకూ పేస్‌మేకర్ వుంది. బజారుకు వెళ్ళినప్పుడల్లా దడ, ఇంటికి రాగానే మాయం. ఎండ అన్నారు, జనం అన్నారు. చివరికి తేలిందేమిటంటే, మనలో చాలామందికి వున్న అలవాటే. చేతిసంచీలోంచి ఎవరైనా కొట్టేస్తారని ఫోను జాకెట్లో, ఎడమవైపు దోపుకునేది. ఇప్పటి కొన్ని ఫోన్లలో, వాటి తొడుగుల్లో అయస్కాంతాలుంటాయి. అయస్కాంతం బాగా దగ్గరకొస్తే పేస్‌మేకర్ గుండె మాట వినడం మానేసి, తనకు నిర్ణయించిన ఒకే వేగంతో వాయిస్తూ పోతుంది. కంపెనీనిబట్టి అది 85 కావచ్చు, 100 కావచ్చు. తీసేయగానే మామూలైపోతుంది. ఫోను ఎప్పుడూ పేస్‌మేకర్‌కు ఆరంగుళాల దూరంలో వుండాలి, కుడిచెవితో మాట్లాడాలి. నొప్పులకని అమ్మే అయస్కాంతం పట్టీలూ దండలూ మన జోలికి రానివ్వకండి. మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్జు, టీవీ మామూలుగా వాడుకోవచ్చు. ఇండక్షన్ స్టవ్‌కు మాత్రం రెండడుగుల ఎడం వుండాలి. నేనైతే గ్యాసే వాడుతున్నాను.

మరి దడ వచ్చినప్పుడు ఏం చేయాలి? కూర్చోండి. మణికట్టు దగ్గర బొటనవేలి మొదట్లో, రెండో చేతి చూపుడువేలు, మధ్యవేలు ఆనించండి. బొటనవేలు పెట్టకండి, దానిలోనూ నాడి ఆడుతుంది గనుక లెక్క తప్పుతుంది. గడియారం చూస్తూ నిమిషమంతా లెక్కపెట్టండి. పావునిమిషం లెక్కపెట్టి నాలుగింతలు చేయడం, వరుసతప్పిన నాడికి పనికిరాదు. ఎంత వచ్చింది, వరుసగా వుందా లేదా, ఎన్నిగంటలకు మొదలై ఎప్పుడు తగ్గింది, అంతకుముందు ఏం చేస్తున్నారు, ఇవి నాలుగు ముక్కలు రాసిపెట్టుకోండి. నేను పాల లెక్క రాసే పుస్తకంలోనే వెనకవైపు రాస్తాను. ఆ తారీఖులూ పేస్‌మేకర్ దాచిన తారీఖులూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ దడ నిజంగా గుండెది, ఏది కాదు అని డాక్టరుకు ఇట్టే తెలిసిపోతుంది.

మీకు పెట్టిన కనీసపు వేగం ఎంతో అడిగి తెలుసుకోండి. కొందరికి రాత్రివేళ ఇంకా తక్కువకు పెడతారు, అదీ అడగండి. మణికట్టు దగ్గర దానికన్నా తక్కువ వచ్చిందంటే పేస్‌మేకర్ చెడిపోయిందనే అనుకోనక్కరలేదు. ముందుగా పడిన అదనపు దెబ్బలు బలం చాలక ఒక్కోసారి చేతిదాకా రావు. కాని మళ్ళీ మళ్ళీ అలాగే వస్తుంటే ఆసుపత్రికి ఫోను చేయండి. ఊరికే కూర్చున్నప్పుడు 120 దాటి అలాగే నిలిచిపోయినా అంతే. దడతోపాటు స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పిగాని ఊపిరాడకపోవడంగాని వున్నా లెక్కలతో పనిలేదు, బయలుదేరడమే. పేస్‌మేకర్ పెట్టిన చోట ఎర్రబడి, వాచి, వేడిగా వున్నా ఆలస్యం చేయకూడదు.

ఈ యంత్రం చరిత్ర చదువుతుంటే నాకొక విషయం బాగా నచ్చింది. ఒంట్లో పూర్తిగా అమర్చిన మొట్టమొదటి పేస్‌మేకర్ 1958 అక్టోబరులో స్వీడన్ దేశంలో ఆర్నె లార్సన్ అనే 43 ఏళ్ళ ఆయనకు పెట్టారు. ఆయన రోజూ ఎన్నోసార్లు స్పృహతప్పి పడిపోతూ వుండేవాడు. డాక్టరు సెన్నింగ్, ఇంజనీరు ఎల్మ్‌క్విస్ట్ అప్పటికింకా జంతువులమీదే ప్రయత్నిస్తున్నారు. మనిషికి పెట్టే యంత్రం తమ దగ్గర లేదన్నారు. లార్సన్ భార్య ఎల్సె మరీ వూరుకోలేదు. లేకపోతే తయారుచేయండి అని వాళ్ళ వెంటపడింది. చేశారు! బూట్‌పాలిష్ డబ్బాను అచ్చుగా వాడి పోతపోశారట. మొదటిది కొద్ది గంటలే పనిచేసింది, రెండోది పెట్టారు. ఆ తరువాత పాతికదాకా మార్చుకుంటూ ఆయన 2001 దాకా బతికాడు. డాక్టరుకన్నా, ఇంజనీరుకన్నా ఎక్కువకాలం. నాకు ఆవిడ కథ చదివినప్పుడల్లా గుమ్మంలో కూర్చున్న మా కోడలు గుర్తుకొస్తుంది.

ఇప్పటివాటికి బాటరీ ఎనిమిది, పది, పన్నెండేళ్ళు కూడా వస్తుంది, వాడకాన్నిబట్టి. అది అయిపోవస్తే కొన్ని పేస్‌మేకర్లు నడిపే వేగాన్నీ తీరునూ తామే మార్చేసుకుంటాయి. అప్పుడు కూడా నీరసంగానో, దడగానో తెలియవచ్చు. అందుకే ఏ బాధా లేకపోయినా చెప్పిన గడువుకు వెళ్ళి చూపించుకోవాలి. నాది వచ్చే కార్తీకంలో. కాలెండరులో గ్యాసు బండ తారీఖు పక్కన ఎర్రసిరాతో రాసిపెట్టాను. వెళ్ళేటప్పుడు పేస్‌మేకర్ కంపెనీ ఇచ్చిన కార్డు దగ్గరుండాలి. గుళ్ళో, విమానాశ్రయంలో తనిఖీ ద్వారం దగ్గర అడిగినా అదే చూపించాలి. ద్వారంలోంచి మామూలుగా నడిచిపోవచ్చు, అక్కడే నిలబడకూడదు. చేతికర్రతో తనిఖీ చేసేవాళ్ళను ఛాతీమీద ఆపవద్దని చెప్పండి. కార్డు బీరువాలో పట్టుచీరెల మధ్య భద్రంగా దాచేరు సుమా! నేను అలాగే దాచి, రెండోసారి పడిపోయినంత పనిచేసి వెతికించాను అందరిచేతా. ఇప్పుడది చేతిసంచీలో, ఇంటి తాళాలతోపాటు వుంటుంది.